ఉప్పునీటి తొట్టి: ఎర్రనాచు నేర్పిన ఓర్పు

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం ఉంటే అతిథుల కళ్లు ముందుగా చేపల మీదనే నిలుస్తాయి. దానిని పోషించేవారి కళ్లు మాత్రం ఇసుక మీద, రాళ్ల సందుల్లో, గాజు పలకల అంచుల్లో తిరుగుతుంటాయి. సముద్రాన్ని నాలుగు గాజు పలకల నడుమ నిలుపుకోవాలనుకున్న ప్రతి ఇంటికీ ఏదో ఒకనాడు నాచు బెడద తప్పదు. గోధుమరంగు పొడిగానో, ఆకుపచ్చ వెంట్రుకలుగానో, ముదురు ఎరుపు జిగట పొరగానో అది ప్రత్యక్షమవుతుంది. గత సంవత్సరం విశాఖపట్నంలోని మా ఇంట ఆ ఎర్రని పొరతో దాదాపు నాలుగు మాసాలు గడిపాము. ఆ కాలంలో మేము చేసిన పనులనూ, వాటి వెనుకనున్న కారణాలనూ, ఇంట్లో జరిగిన తర్జనభర్జననూ ఇక్కడ వివరిస్తున్నాను. ఇంట్లో చేపల తొట్టి లేనివారికి సైతం ఇందులో కొంత ప్రయోజనం ఉండగలదని నా ఆశ.

ఆ తొట్టి మా మామగారిది. ఆయన 30 సంవత్సరాలకు పైగా సరుకు ఓడల ఇంజను గదుల్లో పనిచేశారు. పదవీ విరమణ తర్వాత ఒడ్డున కుదురుకోవడం ఆయనకు అంత సులభం కాలేదు. ఆ రోజుల్లోనే 4 అడుగుల గాజు తొట్టి ఒకటి తెప్పించి, హాలులో కిటికీ వెలుతురు పడని గోడకు ఆనించి నిలబెట్టారు. అందులో 250 లీటర్ల ఉప్పునీరు, బొరియల రాళ్లు, తెల్లని ఇసుక, కొన్ని మెత్తని పగడాలు, నారింజరంగు మీద తెల్లని పట్టీలున్న క్లౌన్ చేపల జంట ఒకటి ఉన్నాయి. ఆ జంట సముద్రంలో పట్టుకొచ్చినది కాదు, తొట్టెల్లోనే పుట్టి పెరిగిన సంతతి. అవి మా ఇంటికి వచ్చి 11 సంవత్సరాలయింది. మా అత్తగారు మరణించిన తర్వాత మామగారి దినచర్య మొత్తం ఆ తొట్టి చుట్టూనే అల్లుకున్నది. ఫజర్ నమాజు ముగించుకొని వచ్చి ఉష్ణోగ్రత చూడడం, అసర్ తర్వాత మేత వేయడం, శుక్రవారం సాయంత్రం గాజు తుడవడం, పక్షానికోసారి కొంత నీరు మార్చడం ఆయనకు అలవాటు. ఆ పనుల్లో ఆయన ఎవరి సాయమూ కోరేవారు కాదు.

గత సంవత్సరం ఆయన కంటి శుక్లం బాగా ముదిరింది. శస్త్రచికిత్స అనంతరం కొన్ని వారాలపాటు తల వంచరాదనీ, బరువులెత్తరాదనీ, కంటిలో నీరు పడనీయరాదనీ వైద్యులు ఆదేశించారు. తొట్టి పని అంటే ఈ మూడూ చేయవలసిందే. అందువల్ల ఒక మాసంపైగా ఆ బాధ్యత ఇంట్లో వారందరి చేతుల్లోకి మారింది. అందరూ ప్రేమతోనే చేశారు. మా అబ్బాయి బడికి వెళ్తూ చిటికెడు మేత వేసేవాడు. అమ్మాయి వచ్చాక మరో చిటికెడు వేసేది. పరామర్శకు వచ్చిన బంధువుల పిల్లలకు అది వేడుక. గాజు దగ్గరికి మనిషి రాగానే క్లౌన్ చేపలు ఎదురొచ్చి తోకలాడిస్తాయి. "దాదా! చూడండి, పాపం ఆకలేస్తున్నట్టుంది" అని మా ఆరేళ్ల అమ్మాయి డబ్బా తెచ్చేది. ఆవిరైన నీటికి బదులు వంటగదిలోని వాటర్ ప్యూరిఫయర్ నుండి బిందెతో పట్టి పోసేవారు. ఎవరికీ ఇందులో తప్పు తోచలేదు.

శుక్లం ముదిరిన కంటికి లోకమంతా పాత కాగితం రంగులో కనిపిస్తుంది. చికిత్స జరిగిన కంటికి నీలం, తెలుపు ఒక్కసారిగా తేటపడతాయి. కట్టు విప్పిన నాడు మామగారు ఆకాశాన్ని చూసి ఎంతో సంతోషించారు. ఆ సాయంత్రమే తొట్టి ముందు కూర్చొని, ఇసుక మీద అరచేతి వెడల్పున పరచుకొన్న ఎర్రని పొరను చూశారు. పిల్లలు దానిని కొత్త పగడమనుకొని మురిసిపోతున్నారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "ఇది ఈ రోజు వచ్చినది కాదు బేటీ. నా కంటికి కనబడకముందే మొదలై ఉంటుంది" అన్నారు.

నేను ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. అందువల్ల ఆ పొర ఏమిటో ముందుగా నిర్ధారించుకోవాలని సూచించాను. తొట్టిలో కనబడే ప్రతి మరకా ఒకటి కాదు. కొత్త తొట్టెల్లో ఇసుక మీద గోధుమరంగు పొడిలా పేరుకొనేవి డయాటములు. ఇవి నీటిలోని సిలికాతో తమ గుల్లలు కట్టుకుంటాయి, సిలికా తరిగితే తామే తగ్గుతాయి. రాళ్లకు వెంట్రుకల్లా వేలాడేది ఆకుపచ్చ నాచు. దానిని నత్తలు, కొన్ని రకాల చేపలు మేస్తాయి. గోధుమరంగు జిగట దారాలుగా సాగి, కొసల్లో గాలి బుడగలను పట్టుకొని ఉండేవి డైనోఫ్లాజెల్లేట్లు. వాటిలో కొన్ని నత్తలకు విషం. రాయికి సున్నం పూసినట్లు గులాబీరంగులో గట్టిగా అంటుకొనేది సున్నపు నాచు. అది ఆరోగ్యానికి గుర్తు, దానిని తొలగించరాదు.

మా తొట్టిలోనిది వీటిలో ఏదీ కాదు. వేలితో తాకితే పాల మీగడలా పొర పొరగా లేచి వచ్చింది. ఉదయం దీపం వెలిగించేముందు పలుచగా ఉండి, మధ్యాహ్నానికి చిక్కబడి, ముత్యాల్లాంటి బుడగలతో నిండేది. నీటి ప్రవాహం తగలని మూలల్లోనే దట్టంగా ఉన్నది. ఈ లక్షణాలన్నీ సయనోబ్యాక్టీరియావి. మన పాఠ్యపుస్తకాల్లో వీటిని నీలి ఆకుపచ్చ శైవలాలని వ్రాస్తారు. పేరులో శైవలం ఉన్నప్పటికీ ఇవి నిజానికి నాచు కావు. ఆకుపచ్చ మొక్కల మాదిరి ఎండతో ఆహారం తయారుచేసుకొనే బ్యాక్టీరియా. రంగు ఎప్పుడూ నీలమో ఆకుపచ్చో అయి ఉండనవసరం లేదు. ఎరుపు, ఊదా, నలుపు రంగుల్లోనూ ఉంటాయి.

ఈ మాట చెప్పగానే మామగారికి ఎర్ర సముద్రం గుర్తుకు వచ్చింది. జిద్దా రేవుకు పోతూ వస్తూ ఆయన అనేకమార్లు ఆ జలాల మీద ప్రయాణించారు. 1823లో జర్మన్ శాస్త్రవేత్త ఎహ్రెన్‌బర్గ్ సినాయి తీరంలోని తూర్ అఖాతంలో నీటిని ఎర్రబరచిన సూక్ష్మజీవిని పరిశీలించాడు. దానికి తర్వాత ట్రైకోడెస్మియం అని పేరు పెట్టారు. అదీ సయనోబ్యాక్టీరియానే. ఎర్ర సముద్రానికి ఆ పేరు రావడానికి చెప్పే వివరణల్లో ఈ జీవి రంగు ఒకటి. అంతకు మించిన విషయం మరొకటున్నది. సుమారు 240 కోట్ల సంవత్సరాల క్రితం భూమి వాతావరణంలో ప్రాణవాయువు నిలదొక్కుకోవడానికి కారణం ఈ జాతి జీవులేనని శాస్త్రజ్ఞులు చెబుతారు. మన గోదావరి జిల్లాల రైతులు వరి మడుల్లో పెంచే అజొల్లా ఆకుల మడతల్లో నివసించి, గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చి ఇచ్చేదీ ఈ కోవకు చెందినదే. కనుక మా హాలులో ఇసుక మీద పరచుకొన్నది పుట్టుకతోనే దుష్టజీవి కాదు. దానికి తగని చోట, తగని మోతాదులో ఆహారం దొరికింది. ఆ ఆహారం ఎక్కడి నుండి వచ్చిందన్నదే మా ముందున్న ప్రశ్న.

ఉప్పునీటి తొట్టి ఎలా బతుకుతుందో కొంత తెలిస్తే గాని దీనికి సమాధానం దొరకదు. చేపల విసర్జనలు, తినగా మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా తయారవుతుంది. అమ్మోనియా చేపలకు విషం. రాళ్ల బొరియల్లో, ఇసుకలో కాపురముండే ఒక రకం బ్యాక్టీరియా దానిని నైట్రైటుగా, మరొక రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులు స్థిరపడడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. రాళ్ల లోపల ప్రాణవాయువు చొరని లోతుల్లో మరికొన్ని బ్యాక్టీరియా నైట్రేటును విడగొట్టి నత్రజని వాయువుగా పైకి పంపుతాయి. కంటికి కనిపించని ఈ సేవకులు లేనిదే ఏ చేపా ఆ నీటిలో వారం రోజులు సుఖంగా ఉండజాలదు. తొట్టిలో బ్యాక్టీరియా అంటే చెడ్డదేనని అనుకోవడం సరికాదు. సమస్య తెచ్చినదీ బ్యాక్టీరియానే, రోజూ ప్రాణం నిలిపేదీ బ్యాక్టీరియానే.

నైట్రేటుకు ఈ విధంగా గాలిలోకి పోయే దారి ఒకటున్నది. మేతలోని భాస్వరానికి అటువంటి దారి లేదు. లోపలికి వచ్చిన భాస్వరం ఎవరో బయటకు తీసేంత వరకు ఫాస్ఫేటు రూపంలో అక్కడే ఉంటుంది. ఒకనాటి రాత్రి మేమిద్దరం కాగితం మీద లెక్క వేశాము. ఎండు మేతలో సుమారు 1 శాతం భాస్వరం ఉంటుంది. 1 గ్రాము మేతలో 10 మిల్లీగ్రాముల భాస్వరం ఉన్నదనుకుంటే, ఫాస్ఫేటుగా అది సుమారు 30 మిల్లీగ్రాములు. అదంతా 250 లీటర్లలో కరిగితే లీటరుకు 0.12 మిల్లీగ్రాములు అవుతుంది. పగడాల తొట్టిలో ఫాస్ఫేటు 0.1 దాటకుండా ఉంచాలని పెంపకందారులు ప్రయత్నిస్తారు. అంటే చేపల ఒంటికి పట్టగా మిగిలినది మాత్రమే నీటిలో చేరినా, రోజుకొక గ్రాము అదనపు మేత కొద్ది రోజుల్లోనే ఆ హద్దు దాటిస్తుంది. మా నోటు పుస్తకంలో మామగారు ఆ సంఖ్యను గీత గీసి వ్రాసుకున్నారు.

రెండవ దారి వంటగది నీరు. సముద్రపు నీరు ఆవిరైనప్పుడు మంచినీరే పైకి పోతుంది, కరిగి ఉన్నవన్నీ వెనుకనే ఉండిపోతాయి. విశాఖ ఉక్కకు మా తొట్టి నుండి రోజుకు 3, 4 లీటర్లు ఆవిరవుతుంది. నెలకు సుమారు 100 లీటర్లు. ఇళ్లల్లో వాడే ఆర్.ఓ. యంత్రాలు అనేకం తాగేందుకు రుచిగా ఉండడానికి శుద్ధిచేసిన నీటిలో కొంత ముడినీరు కలుపుతాయి, కొన్ని ఖనిజాలు చేరుస్తాయి. మనిషికి అది మంచిదే కావచ్చు. కాని మా వంటగది నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 150 మిల్లీగ్రాములని టీడీఎస్ మీటరు చూపింది. 100 లీటర్లకు 15 గ్రాములు. అందులో ఎంత నైట్రేటో, ఎంత సిలికానో ఆ మీటరు చెప్పదు. చేరిన ప్రతి గ్రామూ తొట్టిలోనే ఉండిపోయిందన్నది మాత్రం నిశ్చయం.

పెద్ద జలాశయాల్లోనూ జరిగేది ఇదే. 1973లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త 226వ నంబరు సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా విభజించాడు. ఒక భాగంలో కర్బనం, నత్రజని వేశాడు. రెండవ భాగంలో ఆ రెండింటితోపాటు భాస్వరం కూడా వేశాడు. భాస్వరం వేసిన భాగం కొద్ది వారాల్లోనే సయనోబ్యాక్టీరియాతో పచ్చబడింది, మరొక భాగం తేటగా ఉండిపోయింది. బట్టల సబ్బు పొడుల్లో ఫాస్ఫేటు వాడకంపై అనేక దేశాలు ఆంక్షలు విధించడానికి ఇటువంటి పరిశోధనలు బలమిచ్చాయి. మురుగు చేరే హైదరాబాదు హుస్సేన్‌సాగర్ వేసవిలో ఎందుకు పచ్చగా చిక్కబడుతుందో కూడా దీనిని బట్టి గ్రహించవచ్చు.

కారణం తెలిసినంత మాత్రాన ఇంట్లో అందరూ ఒక్క మాట మీదకు రాలేదు. మావారు నగరంలోని ఒక దుకాణానికి వెళ్లి విచారించారు. దుకాణదారుడు ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ పొడి పొట్లం చేతిలో పెట్టి, మూడు రోజుల్లో ఎరుపంతా మాయమవుతుందని హామీ ఇచ్చాడట. మావారి ఆదుర్దా అర్థం చేసుకోదగినదే. "అబ్బాజాన్ రోజంతా ఆ తొట్టి ముందు కూర్చొని దిగులుపడుతుంటే నేను చూడలేను. మందు వేసి ఈ బాధ వదిలించుకుందాం. లేదంటే ఆ చేపలను ఎవరికైనా ఇచ్చేద్దాం. ఈ వయసులో ఆయనకు ఈ శ్రమ ఎందుకు?" అన్నారు. ఆ రెండవ మాటకు మామగారి ముఖం వాడిపోయింది. 11 సంవత్సరాల తోడును ఇచ్చివేయమని కొడుకు నోట వినడం ఆయనకు కష్టమనిపించింది. అయినా కోపగించుకోలేదు. "ఈ చేపలు సముద్రాన్ని చూడలేదు బాబూ. మనం పెట్టిందే తిన్నాయి, మనం పోసిన నీటిలోనే బతికాయి. ఇవి మన దగ్గర అమానత్. ఇచ్చేయడం గురించి తర్వాత ఆలోచిద్దాం. ముందు మందు సంగతి నీ చదువు ఏం చెబుతుందో చెప్పు బేటీ" అని నా వైపు తిరిగారు.

నేను తెలిసినంతవరకు చెప్పాను. సయనోబ్యాక్టీరియా కూడా బ్యాక్టీరియానే గనుక ఆ మందుకు చస్తుంది. దీనిని వాడి ఫలితం పొందిన పెంపకందారులు ఉన్నారు, ఆ మాట కాదనను. కాని ఆ పొర తన ఒంట్లో దాచుకున్న నత్రజని, భాస్వరం అది చచ్చి కుళ్లగానే తిరిగి నీటిలోకే వస్తాయి. కుళ్లే సమయంలో నీటిలోని ప్రాణవాయువు ఖర్చవుతుంది. ముఖ్యంగా రాత్రివేళ చేపలకు ఊపిరి అందకపోవచ్చు. అమ్మోనియాను మార్చే మన సేవకులకూ ఆ మందు హాని చేసే ప్రమాదమున్నది. అటుపిమ్మట ఆ నీరు పారబోస్తే మురుగుకాలువలోని సూక్ష్మజీవులు కొద్దిపాటి మోతాదులో ఆ మందుకు అలవాటుపడతాయి. రేపు మన పిల్లలకు జ్వరం వచ్చినప్పుడు పనిచేయవలసిన మందులు ఇవే. జలుబుకు యాంటీబయాటిక్ వాడరాదని తరగతిలో చెప్పే నేను ఇసుక మీది మరకకు వాడమని ఎలా చెప్పగలను? అన్నింటికంటే మించి, మేత, నీరు వచ్చే దారులు మారకుండా మందు వేస్తే మరో నెలకు అదే పొర తిరిగి వస్తుంది.

మామగారు కాసేపు ఆలోచించి, "మూడు నెలలు గడువు ఇవ్వండి. అప్పటికీ తగ్గకపోతే మీరు చెప్పినట్టే చేద్దాం" అన్నారు. ఆ మాటలో చేపలను వదులుకోవడానికి సైతం ఆయన సిద్ధపడ్డారని మాకు అర్థమైంది. మందు పొట్లాన్ని మావారు దుకాణానికి తిరిగి ఇచ్చి వచ్చారు.

మరుసటి రోజు నుండి పని మొదలైంది. సన్నని గొట్టంతో ఎర్రని పొరను పీల్చి బక్కెట్లోకి దించాము. దానిని చేత్తో చెదరగొట్టరాదు. ముక్కలు ప్రవాహంలో పడి కొత్తచోట అంటుకుంటాయి. తీసిన నీటికి బదులుగా శుద్ధమైన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్రపు ఉప్పు కలిపి, ఒక రోజు తిప్పి, ఉష్ణోగ్రత సరిచూసి పోశాము. ప్రతి వారం 40 లీటర్ల చొప్పున ఇలా మార్చాము. ఇందుకోసం వంటగది యంత్రాన్ని వాడడం మానుకొని, రెజిన్ గొట్టం అమర్చిన వేరే ఆర్.ఓ. పరికరం తెచ్చాము. దాని నుండి వచ్చే నీటికి మీటరు 0 చూపాలి. ఒకటి, రెండు అంకెలు చూపడం మొదలుకాగానే రెజిన్ మార్చాలి. బీచి నుండి నీరు తెచ్చి పోయవచ్చు కదా అని ఒక బంధువు సలహా ఇచ్చారు. వానల తర్వాత నదుల వరద చేరి బంగాళాఖాతం పైనీటిలో ఉప్పు తగ్గుతుంది, ఒడ్డు నీటిలో కాలువల మురుగు కూడా కలుస్తుంది. అందుచేత ఆ కాలంలో అది మేలు కాదని మామగారు మృదువుగా కాదన్నారు.

రాళ్ల వెనుక నీరు కదలని మూలకు గురిపెట్టి మరొక ప్రవాహపు పంపు అమర్చాము. స్కిమ్మర్ అనే పరికరం బుడగలతో నీటిలోని జిడ్డును నురుగుగా పైకి లాగి గిన్నెలో చేరుస్తుంది. ఆ గిన్నెను మూడు రోజులకొకసారి కడిగాము. మెడ భాగంలో జిడ్డు పట్టితే నురుగు పైకి ఎక్కదు. వడపోత దూదిని వారానికి రెండుసార్లు మార్చాము. అందులో చిక్కిన మేత కుళ్లకముందే బయటికి వెళ్లాలి. దీపం వెలిగే సమయం రోజుకు 10 గంటల నుండి 7 గంటలకు తగ్గించాము. ఘనీభవించిన రొయ్యల మేతను వేసేముందు శుద్ధమైన నీటితో కడిగి, ఆ కడుగు నీటిని పారబోశాము. ఎందుకంటే భాస్వరం ఆ నీటిలో కూడా ఉంటుంది.

అన్నింటికంటే కష్టమైనది పిల్లల చేతుల నుండి మేత డబ్బా తీసుకోవడం. మామగారు వారిని కసురుకోలేదు. ఒక చిన్న చెంచా చూపించి, రోజుకు ఒకే ఒక్కసారి, ఒకరోజు అబ్బాయి, ఒకరోజు అమ్మాయి అని వంతు కట్టారు. "చేప నీ దగ్గరికి వచ్చినంత మాత్రాన ఆకలి అని కాదమ్మా. దానికి నువ్వు అలవాటయ్యావు, అంతే. రెండు నిమిషాల్లో తిన్నది దాని వంతు, మిగిలింది నాచు వంతు" అని చెప్పారు. అమ్మాయి అప్పటి నుండి రెండు నిమిషాలు గడియారం చూస్తూ కూర్చునేది.

మొదటి రెండు వారాల్లో పొర పలుచబడింది. ఇల్లంతా సంతోషించింది. నాలుగవ వారంలో ఒక్కసారిగా మళ్లీ పరచుకొన్నది. ఈసారి రాళ్ల మీదకు కూడా పాకింది. మావారు ఏమీ అనలేదు గాని, ఆయన చూపులో మందు పొట్లం కనిపించింది. నీటి పరీక్షలో నైట్రేటు లీటరుకు 40 మిల్లీగ్రాముల నుండి 15కి దిగింది. ఫాస్ఫేటు మాత్రం 0.3 నుండి 0.25 వద్దనే ఆగిపోయింది. ఇంత నీరు మార్చినా ఎందుకు తగ్గలేదన్న ప్రశ్నకు జవాబు రాళ్లల్లో ఉన్నది. తొట్టిలోని రాళ్లు సున్నపు రాళ్లు. ఫాస్ఫేటు ఎక్కువైనప్పుడు అవి దానిని తమ ఉపరితలాల మీద పట్టి ఉంచుతాయి, నీటిలో అది తగ్గగానే నెమ్మదిగా విడుదల చేస్తాయి. కొన్ని మాసాలుగా పీల్చుకున్నది ఒక మాసంలో వదలదు. కనుక మేము ఓడిపోలేదు, పాత బాకీ తీరుతున్నది. మామగారు ఈ మాట విని నవ్వారు. ఓడ అడుగున పట్టిన తుప్పు కూడా ఒక్క గీకుడుకు పోదని ఆయనకు తెలుసు.

అప్పుడు రెండు అదనపు చర్యలు తీసుకున్నాము. మూడు రోజులపాటు తొట్టి మీద దుప్పటి కప్పి పూర్తిగా చీకటి చేశాము. మెత్తని పగడాలు ఆమాత్రం చీకటిని ఓర్చుకుంటాయి, ఎండతో బతికే ఎర్రనాచు నీరసిస్తుంది. నీరసించిన పొర కుళ్లుతుందని తెలుసు గనుక ముందుగానే చేతికందినంత పీల్చివేసి, గాలి పంపు ఒకటి అదనంగా పెట్టాము. రెండవ రాత్రి తెల్లవారుజామున మామగారు టార్చి వేసి చూస్తే ఆడచేప పైనీటికి చేరి వేగంగా మొప్పలాడిస్తున్నది. ఆయన నన్ను లేపారు. గాలి పంపును పెద్దది చేసి, పంపుల మూతిని పైనీటి వైపు తిప్పి, గంటసేపు ఇద్దరమూ అక్కడే నిలబడ్డాము. ఫజర్ అజాన్ వేళకు చేప తన రాతి నీడకు చేరుకొన్నది. మందు వేసి పొరంతా ఒక్కసారిగా చచ్చి ఉంటే ఆ తెల్లవారుజామున ఏమై ఉండేదో మావారికి చెప్పవలసిన అవసరం కలగలేదు. ఆయనే గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

రెండవ చర్య, తొట్టి కింది అరలోని చిన్న గదిలో చీటోమార్ఫా అనే పచ్చని నూలు ఉండలాంటి నాచును పెంచడం. దానికి రాత్రివేళ దీపం పెట్టాము. పైన పగలు, కింద రాత్రి వెలుగుండడం వల్ల నీటి ఆమ్ల క్షార గుణం కూడా నిలకడగా ఉంటుంది. నీటిలోని నత్రజని, భాస్వరాన్ని తిని అది పెరుగుతుంది. రెండు వారాలకొకసారి గుప్పెడు తీసి పారేస్తే, అది తిన్న భాస్వరం కూడా దానితోపాటు తొట్టి నుండి బయటికి పోతుంది. అక్కరలేని నాచును తగ్గించడానికి మనకు కావలసిన నాచును వేరేచోట పెంచడం పిల్లలకు విచిత్రంగా తోచింది.

మూడవ మాసం చివరికి ఇసుక తెల్లబడింది. ఫాస్ఫేటు 0.08కి వచ్చింది. మా అబ్బాయి ఉత్సాహంగా "దాదా, సున్నా చేసేద్దామా?" అని అడిగాడు. అక్కడ కూడా హద్దు ఉన్నది. నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ పూర్తిగా లేకుండా చేసిన తొట్టెల్లో పగడాలు పాలిపోతాయి. ఖాళీ అయిన చోటును తరచుగా డైనోఫ్లాజెల్లేట్లు ఆక్రమిస్తాయి. అవి ఎర్రనాచుకంటే మొండివి. మితిమీరిన మేత ఒక బెడదకు దారితీస్తే, మితిమీరిన శుభ్రత మరొక బెడదకు దారితీస్తుంది.

ఇటువంటి సమస్య ఎదుర్కొంటున్న సోదరీ సోదరులకు మా అనుభవం నుండి చెప్పగలిగినది ఇంతే. మొదట ఆ మరక ఏ జాతిదో తెలుసుకోండి. తర్వాత తొట్టిలోకి ఏమేమి, ఎంతెంత, ఎవరెవరి చేతుల మీదుగా వస్తున్నాయో ఒక వారం వ్రాసి పెట్టండి. నీటిని పరీక్షించి అంకెలు నమోదు చేయండి. ఒకేసారి అన్నీ మార్చక, ఒక్కొక్కటి మార్చి రెండు వారాలు వేచి చూడండి. మందు అనేది ఈ పనులన్నీ చేసిన తర్వాత కూడా మిగిలిన అవసరానికే గాని, వీటికి బదులు కాదు. ఇంట్లో పెద్దవారి చేతిలో ఇటువంటి పని ఉంటే, వారికి అనారోగ్యం వచ్చినప్పుడు దానిని ఎవరు, ఏ కొలతతో చేయాలో ముందే ఒక కాగితం మీద వ్రాయించి పెట్టుకోవడం మేలు.

మామగారి చూపు ఇప్పుడు బాగున్నది. అయినా పరీక్ష గొట్టంలో రంగు పోల్చే పని ఆయన మనవరాలికి అప్పగించారు. ఆమె అంకె చెబుతుంది, ఆయన నోటు పుస్తకంలో వ్రాస్తారు. ఈ మాసం లెక్క ప్రకారం నైట్రేటు 8, ఫాస్ఫేటు 0.06. వెనుక మూలన పెద్ద రాయి కింద రూపాయి బిళ్లంత ఎర్రని మచ్చ ఒకటి ఇంకా ఉన్నది. మామగారు ప్రతిరోజూ దానిని గమనిస్తున్నారు. అది పెరగడం లేదు గనుక దాని జోలికి వెళ్లవలసిన అవసరం ఇంకా రాలేదని అంటున్నారు.